తోట చూడనిచ్చారు సరే, రాలిన గింజ కూడా ముట్టుకోవద్దంటే ఎలా?

కొత్తమొలక
అరుదైన పామ్ చెట్లు పెంచుకునే ఒకాయన సొంత తోట చూసి వచ్చాను. బోర్డు ఉండదు, టికెట్ ఉండదు, తెలిసినవాళ్లు చెబితేనే గేటు తీస్తారు. ఎప్పటినుంచో అడిగించుకుంటుంటే ఇప్పటికి రమ్మన్నారు.

గేటు దగ్గరే రూల్స్ మొదలయ్యాయి. బూట్ల అడుగు మట్టి బ్రష్షుతో గీకి, మందునీళ్ల ట్రేలో కాసేపు నిలబడాలి. బ్యాగు షెడ్డులో పెట్టేయాలి. ఫోటోలు తీసుకోవచ్చు, ఫోనులో లొకేషన్ మాత్రం ఆపాలి. బాట దిగకూడదు. అన్నిటికీ సరేనన్నాను. లోపల లికువాలా గ్రాండిస్ అనే పామ్ చెట్ల కింద ఎర్రటి చిన్న పళ్లు రాలి ఉన్నాయి. వంగి ఒకటి తీయబోతే "అక్కడే ఉంచేయండి" అన్నారు. కసురుకోలేదు, మామూలుగానే అన్నారు. అయినా మనసుకు కష్టంగా అనిపించింది. నేనేం దాచుకుని పట్టుకుపోవడం లేదు కదా, ఆయన కళ్ల ముందే తీశాను. అక్కడే ఉంటే కుళ్లిపోతుంది, లేదా చీమల పాలవుతుంది. నేను తెచ్చుకుని మొలకెత్తించుకుంటే ఆయనకు నష్టమేంటి? తోటలున్నవాళ్లు, ఇలాంటి తోటలు చూసినవాళ్లు చెప్పండి, ఎక్కడైనా ఇంతేనా?

ఈతముల్లు
ఎక్కడైనా ఇంతే. ఆయన తోట, ఆయన మాట.

రాత్రివాన
తోట ఆయనదే, కాదనను. ఆ జాతి కూడా ఆయన సొత్తేనా? అరుదైన చెట్టు నాలుగు చోట్ల పెరిగితేనే కదా నిలిచేది. తాళం వేసుకుని ఒక్కరే చూసుకునే తోటల మీద నాకు మొదటినుంచీ అభ్యంతరం ఉంది. కొత్తమొలక బాధలో అర్థముంది.

పచ్చగొట్టం
గింజ సంగతి తర్వాత. లోపల ఏమేం చూశారో చెప్పండి ముందు. ఒక్కటీ వదలకుండా!

మట్టిగంప
చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి బూట్ల గురించి చెబుతాను. పామ్ చెట్టుకు పెరిగే చోటు మొవ్వు ఒక్కటే. ఒంటికాండం చెట్టుకు మొవ్వు పోయిందంటే చెట్టు పోయినట్టే. మామిడికో వేపకో కొమ్మ విరిగితే పక్కనుంచి చిగురేస్తుంది, దీనికి ఆ దారి లేదు. మొవ్వుకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి తడిమట్టిలో బతుకుతుంది, బూటు అడుగున అంటుకుని ఒక తోటనుంచి ఇంకో తోటకు వెళ్లిపోతుంది. గానోడెర్మా అనే కుళ్లు తెగులు పట్టిందంటే మందే లేదు. కాండం మొదట్లో పుట్టగొడుగు కనబడేసరికే లోపల బాగా కుళ్లి ఉంటుంది. కెనరీ ఖర్జూరానికి వచ్చే ఫ్యుజేరియం ఎండుతెగులైతే మట్టలు కోసే రంపంతోనే చెట్టునుంచి చెట్టుకు పాకుతుంది. సగం జీవితం పెట్టి పెంచిన చెట్టు ఎవరో వేసుకొచ్చిన బూటు వల్ల పోతే ఆ మనిషి ఎలా తట్టుకుంటాడు?

ఇంకోటి, పామ్ కాండానికి గాయం మానదు. మామూలు చెట్లకు బెరడు కింద ఉండే కేంబియం పొర దీనికి లేదు. మేకు కొట్టినా, పేరు చెక్కినా ఆ గంటు చెట్టున్నంతకాలం ఉంటుంది. ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టేది కూడా అలాంటి గాయాల్లోనే. బాట దిగొద్దన్నది వేళ్ల కోసం అయ్యుంటుంది. పీల్చే వేళ్లు చాలావరకు పైపైనే ఉంటాయి, తొక్కితొక్కి నేల గట్టిపడితే చెట్టు నీరసిస్తుంది.

కొత్తమొలక
మట్టిగంప గారూ, బూట్ల విషయంలో నాకు పేచీ లేదు, గింజ దగ్గరే నా ప్రశ్న.

పచ్చగొట్టం గారూ, ఇదిగో. లోపలికి వెళ్లగానే వేడి తగ్గిపోయింది. పైన ఎత్తైన చెట్లు నీడ పడుతుంటే, ఆ నీడలో పొట్టివి పెట్టారు. ఎడమ పక్కన సిర్టోస్టాకిస్ రెండా గుబురు, లిప్‌స్టిక్ పామ్ అంటారే, అది. ఫోటోల్లో చూసినప్పుడల్లా ఆ ఎరుపు ఎవరో దిద్దారేమో అనుకునేదాన్ని. దగ్గర నిలబడి చూశాను. బయటి మట్ట తొడుగు ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది, అంచులు గోధుమరంగుకు తిరిగాయి. దాని వెనకాల కొత్త తొడుగు నున్నగా, గీత కూడా లేకుండా, మెరిసే ఎరుపు. ఆ ఎరుపు మట్ట కాడ దాకా పాకి, ఆకు మొదలయ్యే చోట పచ్చగా మారింది. మొదట్లో నేల బురదబురదగా ఉంది. దీని పుట్టిల్లు చిత్తడి అడవులట, అందుకని కావాలనే తడి ఆరనివ్వరు.

తర్వాత కెర్రియోడోక్సా. ఆకు కాడ నల్లగా నిగనిగలాడుతోంది, ఆకు అడుగు తెల్లగా ఉంది. దక్షిణ థాయ్‌లాండ్‌లో కొద్ది చోట్ల తప్ప అడవిలో ఇంకెక్కడా లేదని చెప్పారు. నన్ను అక్కడే నిలబెట్టేసింది మాత్రం జాంబియా. హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవి చెట్టు. పాత మట్టల తొడుగు నారే ముళ్లుగా మారి కాండం చుట్టూ అల్లుకుంది, ఎవరో కూర్చుని బుట్ట అల్లినంత వరసగా. వేలు పెట్టబోయి ఆగాను.

ఒకదాని పేరు గుర్తు రావడం లేదు. మోకాలి ఎత్తు, గుండ్రటి ఆకు, ముదురు పచ్చ మీద లేత పసుపు మచ్చలు.

శ్రీతాళి
ఆ ఆకు కాడ దాకా ముక్కలుగా విడిపోయి ఉందా? ముక్కల చివర్లు కోసుగా ఉన్నాయా, మొద్దుగానా?

కొత్తమొలక
కాడ దాకా విడిపోయింది. చివర్లు మొద్దుగా, చిన్న పళ్లతో ఉన్నాయి.

శ్రీతాళి
అయితే లికువాలా మాపు, బోర్నియోది. మచ్చల ఆకు పినాంగా అనే పామ్‌లలో కొన్నిటికీ ఉంటుంది కానీ వాటి ఆకు నడిఈనెకు రెండు పక్కలా చీలుతుంది, ఇలా గుండ్రంగా విచ్చుకోదు. అడవిలో పెద్ద చెట్ల నీడలో పెరిగేది కాబట్టి నేరుగా ఎండ తగిలితే ఆకు మాడిపోతుంది. ఆయన నీడ చూసుకుని పెట్టారంటే చేయి తిరిగిన మనిషే.

పచ్చగొట్టం
కుళ్లుకుంటున్నాను. జోయీ పామ్ ఉందా?

కొత్తమొలక
ఉంది. చీలికే లేని నిలువెత్తు ఆకు. లేబుల్ మీద పూర్తి పేరు జోహానెస్టైస్మానియా మాగ్నిఫికా అని ఉంది.

ఈతముల్లు
ఆ పేరు పలికేలోపు ఇంకో ఆకు వేసేస్తుంది.

పచ్చగొట్టం
వేయదండీ, అది ఆ పేరు నాలుగుసార్లు తప్పుల్లేకుండా పలికేదాకా ఆగే రకం. పెంచి చూశాను, ఓపికంతా అదే నేర్పింది. లేబుళ్ల మాట వచ్చింది కాబట్టి, డిప్సిస్ అని రాసున్న వాటిలో చాలా జాతులు 2022 తర్వాత క్రిసాలిడోకార్పస్ అయ్యాయి. ఇళ్లలో కుండీల్లో పెట్టుకునే అరెకా పామ్ కూడా ఇప్పుడు అదే.

నీడపట్టు
నడిచే పామ్ కనబడిందా? సోక్రటియా. వెలుతురు ఉన్న వైపుకు మెల్లగా జరుగుతుందని ఒక టూర్ గైడు చెబితే విన్నాను.

మట్టిగంప
జరగదు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో దాని ఊతవేళ్ల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు కాండం మొలిచిన చోటే ఉంటుందని తేల్చారు. ఒక పక్క కొత్త వేళ్లు దిగుతాయి, ఇంకో పక్క పాతవి ఎండిపోతాయి. చూసేవాళ్లకు అడుగు వేసినట్టు అనిపిస్తుంది.

నీడపట్టు
పోనీలెండి, నడవకపోయినా చూడాలనే ఉంది.

తాళపత్రం
నాకూ ఒక తోట ఉంది. కొత్తమొలక గారు చెప్పిన దానికన్నా చిన్నది. నేను కూడా రాలిన గింజ తీయనివ్వను. ఎందుకో వివరంగా చెబుతాను, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

రాలిన గింజలు మీ కళ్లకు వదిలేసినట్టు కనబడతాయి. నాకు ప్రతి గింజా ఏ చెట్టుదో తెలియాలి. ఆ చెట్టు ఏ అడవి గింజ నుంచి వచ్చిందో, ఎవరిచ్చారో, ఎప్పుడు నాటానో పుస్తకంలో ఉంటుంది. ఆ రాత లేకపోతే అది అందమైన చెట్టు మాత్రమే, శాస్త్రవేత్తలకు దానితో పనుండదు. మిగతా తోటలవాళ్లకు మాటిచ్చిన గింజలు కూడా వీటిలోనే ఉంటాయి.

రెండోది సంకరం. ఈత, ఖర్జూరం ఉన్న ఫీనిక్స్ జాతులన్నీ దగ్గర్లో ఉంటే ఒకదానితో ఒకటి సులువుగా కలిసిపోతాయి. హవాయి ప్రిచార్డియా పామ్‌లూ అంతే. అడవిలో సముద్రాలు అడ్డున్న జాతుల్ని మనం పక్కపక్కన పెట్టాం. పూగుత్తికి సంచి కట్టి, చేత్తో పుప్పొడి అద్దితే తప్ప ఆ గింజ స్వచ్ఛమైనదని నేను చెప్పలేను. మీరు పట్టుకెళ్లింది రేపు అరుదైన జాతి పేరుతో పది చేతులు మారుతుంది, అందులో ఉన్నది ఏమిటో ఎవరికీ తెలియదు. అలా పేర్లు చెడిపోవడం నేను చాలా చూశాను.

లొకేషన్ సంగతి నా సొంత అనుభవం. ఒకరు మంచి మనసుతోనే ఫోటోలు పెట్టారు. ఆ తర్వాత రాత్రిపూట వచ్చి నారు మొక్కలు పీక్కుపోయారు. వేళ్లు తెంపి పీకిన జోయీ మొక్క బతకదు, పట్టుకుపోయినవాళ్లకూ దక్కి ఉండదు. అదే ఎక్కువ బాధ.

దేశం దాటించాలంటే చట్టం కూడా ఉంది. మడగాస్కర్ డిప్సిస్ డెసిపియెన్స్ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది. కాగితాలు లేకుండా జేబులో వేసుకెళ్తే ఇబ్బంది పడేది మీరే.

నీడపట్టు
తాళపత్రం గారూ, మీ దగ్గర కోకో డి మెర్ ఉందా?

తాళపత్రం
ఉంది, ఇంకా పిల్లది. సీషెల్స్‌లో ప్రాలిన్, క్యూరియస్ దీవుల చెట్టు. 25 కిలోల దాకా తూగే గింజ, మొక్కల్లో దీన్ని మించింది లేదు. కాయ ముదరడానికే ఆరేడేళ్లు పడుతుంది. ఆడ, మగ చెట్లు వేరు. నా దగ్గరున్నది ఏదో తెలియాలంటే పూత రావాలి, అది నేను చూస్తానో లేదో.

దీని మొలక గింజ దగ్గరే రాదు. లోపల్నుంచి లావుపాటి తాడు ఒకటి బయలుదేరి మట్టిలోంచి కొన్ని మీటర్లు పోయి, అక్కడ మొక్కను పైకి పంపుతుంది. అందుకే కుండీలో పెట్టకుండా, శాశ్వతంగా ఉండే చోటే పెట్టాను. గింజ ఒక చోట, ఆకు ఇంకో చోట. మట్టి తవ్వి చూడాలన్న ఆశను ఎంత అణచుకున్నానో! ఆకు పైకొచ్చిన రోజు ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించాను. పెద్దయ్యాక దీని ఆకులు వాన నీళ్లను, పైన పడిన చెత్తను గరాటులా మొదట్లోకి దించుకుంటాయి, తన ఎరువు తనే తెచ్చుకుంటుంది.

రాత్రివాన
తాళపత్రం గారు చెప్పినవి న్యాయంగానే ఉన్నాయి, సంకరం సంగతి బాగా వివరించారు. అయినా నా అభ్యంతరం పోలేదు. జాతికి ఒక్క చెట్టు చొప్పున పెట్టుకుని కాపాడుతున్నాం అంటే ఒప్పుకోను. మారిషస్ క్యూర్‌పీప్ తోటలో హయోఫోర్బే అమరికౌలిస్ అనే పామ్ ఒక్కటే మిగిలింది, ప్రపంచంలో ఇంకోటి లేదు. దాని మగపూలు ముందు విచ్చుకుని రాలిపోయాక ఆడపూలు వస్తాయి, తనకు తాను పుప్పొడి అందించుకోవడం కష్టం. ల్యాబ్‌లో గింజల్లోని పిండాల్ని పెంచబోతే మొక్కలు నిలవలేదు. కంచె మధ్య ఎంత భద్రంగా ఉన్నా ఏం లాభం?

దాని చుట్టమే బాటిల్ పామ్. నర్సరీల్లో కుప్పలుగా దొరుకుతుంది. సొంత ఊరు, మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్‌లో మాత్రం మేకలు, కుందేళ్లు మొలకల్ని మేసేస్తుంటే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1986 కల్లా ఆ మేకల్ని, కుందేళ్లని పూర్తిగా తొలగించాక మళ్లీ పిల్లమొక్కలు నిలిచాయి. కాపాడింది అక్కడ నేల మీద జరిగిన పని. పామ్‌లలో వెయ్యికి పైగా జాతులకు ముప్పు ఉండొచ్చని 2022లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాటిని ఎన్ని ప్రైవేటు గేట్ల వెనక దాస్తాం?

శ్రీతాళి
రాత్రివాన, టాహినా అనే పామ్ సంగతి చూడండి. మడగాస్కర్‌లో జీడిమామిడి తోట చూసుకునే ఒకాయన కంటబడింది, 2008లో పేరు పెట్టారు. అడవిలో వంద లోపే పెద్ద చెట్లు. ఒక్కసారే పూస్తుంది, కాయలు ముదిరాక చచ్చిపోతుంది. గింజల్ని పద్ధతిగా సేకరించి ప్రపంచమంతా ఉన్న తోటలకు అమ్మి, ఆ డబ్బు చెట్టున్న ఊరివాళ్లకు అందేలా ఏర్పాటు చేశారు. ఊరివాళ్లు చెట్లకు కాపలా ఉన్నారు. కొన్నవాళ్లలో ప్రైవేటు తోటలవాళ్లూ ఉన్నారు కదా. రెండూ కలిసే చోటు ఉంది.

రాత్రివాన
అది మంచి పద్ధతి, ఒప్పుకుంటాను. అలా జరిగినవి ఎన్ని ఉన్నాయన్నదే నా బాధ. ఇంకో మాట, యజమాని పోయాక తోట ఏమవుతుంది? పిల్లలకు ఆసక్తి లేకపోతే స్థలం అమ్మేస్తారు, ముందు కొట్టేసేది చెట్లే.

మట్టిగంప
ఇది నిజం. కళ్లారా చూశాను. సిమెంటు ట్రక్కు తిరగడానికి అడ్డమని బిస్మార్కియా పామ్ చెట్లను మొదలంటా నరికారు. తవ్వి ఇంకెక్కడైనా పెడదామన్నా పెద్ద బిస్మార్కియా వేరు కదిలిస్తే చాలాసార్లు దక్కదు.

తాళపత్రం
ఆ మాట నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వదు. దారి చూపించినవాళ్లు ఉన్నారు. ఫ్లోరిడాలో రాబర్ట్ మాంట్‌గోమరీ 1932లో సొంత ఎస్టేటులో పామ్‌లు నాటడం మొదలుపెట్టారు. ఆయన పోయాక భార్య నెల్ 1959లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. ఈరోజు పామ్‌ల పరిశోధనలో ఆ తోట పేరు రాకుండా ఉండదు. హవాయిలోని మావీ దీవిలో మెర్విన్ అనే కవి 1977లో అనాస సాగుతో పాడైన నేల కొని, చేత్తో ఒక్కొక్క గుంటా తవ్వి 400కు పైగా రకాల పామ్‌లు పెంచారు. అదీ ఇప్పుడు ట్రస్టు చేతిలో ఉంది. నేనూ కాగితాలు రాయిస్తున్నాను. నా దగ్గరున్న వాటిలో రెండో చెట్టు లేని జాతులకు ముందు గింజలు బయటికి పంపుతున్నాను, నేను పోయినా ఇంకోచోట ఉంటాయి. ఒంటి చెట్టు గురించి రాత్రివాన అన్నది సరైన మాట.

ఊటబావి
ఇంతసేపు చదువుతూ ఉన్నాను. కొత్తమొలక గారికి నాకు తెలిసిన దారి చెబుతాను. ఇలాంటి తోటల్లో చూసిపోయేవాళ్లు చాలామంది, పని చేసేవాళ్లు తక్కువ. ఎండు మట్టలు లాగి కుప్పవేయడం, మొదళ్ల చుట్టూ ఆకుచెత్త పరవడం, లేబుళ్లు తిరగరాయడం, గింజలు శుభ్రం చేయడం, వీటికి ఎప్పుడూ మనుషులు కావాలి. నేను అలాగే వెళ్లాను. గింజలు అడగలేదు. నారు పంచేటప్పుడు వాళ్లే పిలిచి ఇచ్చారు, పేరు, పుట్టుపూర్వోత్తరాలు రాసిన చీటీతో సహా. ఇంటర్నేషనల్ పామ్ సొసైటీ 1956 నుంచీ నడుస్తోంది, వాళ్ల సమావేశాల్లో ప్రైవేటు తోటలు చూపించడం ఎప్పటినుంచో ఉంది. గేట్లు తెరుచుకునేది ఇలాంటి పరిచయాలతోనే.

ఈతముల్లు
గింజలు శుభ్రం చేసే పనికి వెళ్తే గ్లవుజులు మర్చిపోవద్దు. జీలుగు పళ్ల గుజ్జులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, చేతులు గంటలకొద్దీ దురద. ఆ చేత్తో కళ్లు అస్సలు తుడుచుకోకూడదు.

కొత్తమొలక
అందరికీ ధన్యవాదాలు. సంకరం సంగతి నాకు కొత్త. ఊటబావి గారు చెప్పినట్టే ఆయనకు మెసేజ్ పెట్టాను, పని ఉంటే వస్తానని. సాయంత్రానికే ఫోన్ చేశారు. లికువాలా గింజలు ఏరే రోజు రమ్మన్నారు, ఏరినవాటిలో కొన్ని నాకే ఇస్తామన్నారు. నేను నిలబడిన ఆ చెట్ల దగ్గర వేరే లికువాలాలు లేవట, అవి పేరుతో సహా ఇవ్వగలరట. అయినా ఒక్కమాట అంటాను, కారణం అప్పుడే రెండు ముక్కల్లో చెప్పి ఉంటే నేను అంత చిన్నబుచ్చుకునేదాన్ని కాదు. వచ్చినవాళ్లకు గేటు దగ్గరే ఎందుకో చెబితే బాగుంటుంది. తాళపత్రం గారూ, మీరైనా మీ గేటు దగ్గర కారణం రాసి పెట్టండి.

ఇంతకీ గ్రాండిస్ గింజలు ఎలా వేయాలి?

తాళపత్రం
తప్పకుండా పెడతాను, మంచి సలహా.

గింజలకు: పండు గుజ్జు పూర్తిగా పోయేదాకా నీళ్లలో నానబెట్టి రుద్దండి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. ఎండబెట్టొద్దు, చాలా పామ్ గింజలు ఎండితే చచ్చిపోతాయి. నీరు నిలవని మిశ్రమంలో, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన గుల్లరాయి రవ్వ) కలిపితే సరిపోతుంది, గింజ మునిగేంత లోతులో పెట్టండి. నీడ, వెచ్చదనం, ఆరని తడి.

పచ్చగొట్టం
మూత ఉన్న డబ్బాలో వేస్తే తడి తనంతట తనే నిలుస్తుంది. వారానికోసారి మూత తీసి గాలి తగలనివ్వండి.

శ్రీతాళి
నెలలు పడుతుంది. మొలవలేదని తవ్వి చూడొద్దు, లేత వేరు తగిలితే విరిగిపోతుంది. డబ్బా మీద పేరు, తేదీ, ఏ చెట్టు గింజో చెరగని ఇంకుతో రాయండి. లోపల కూడా ఒక చీటీ పెట్టండి, పైది ఎండకు వెలిసిపోతుంది.

కొత్తమొలక
లోపల చీటీ తడికి నానిపోదా?

శ్రీతాళి
అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గీసి పెట్టండి.